పోర్ట్ గ్లాస్ మీద బొట్టు

2022 దసరా. గిద్దలూరులో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేసే సినిమా హాలు. రీళ్ళు పోయి సర్వర్లు వచ్చాక ఇక ఆపరేటర్‌కు పనేముందని చాలామంది అడుగుతుంటారు. బటన్ నొక్కితే బొమ్మ పడుతుంది, నిజమే. ఆ బొమ్మ ఎన్ని రకాలుగా చెడిపోతుందో మాత్రం మాకే తెలుసు.

ఏటా దసరాకు మా ఓనరు వాళ్ళమ్మ ప్రొజెక్టర్‌కు పూజ చేస్తుంది. ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం. ఆ రోజు నేను కింద స్పీకర్ వైరు సరిచేస్తుంటే, ఆమె ఒక్కతే మెట్లెక్కి ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పూజ ముగించి వెళ్ళిపోయింది. నేను పైకి వచ్చేసరికి మ్యాట్నీ టైమయింది. హడావుడిగా షో వేసేశాను.

ఆ ఆటకు గురవయ్య వచ్చాడు. నల్లమల గూడెం నుంచి తేనె తెచ్చి మా వీధిలో అమ్ముతాడు. ఆ సినిమాను అడవిలో తీసినప్పుడు, హీరోకు దారి చూపే మనిషిగా అతణ్ణి నిలబెట్టారట. ఎన్నిసార్లు చెప్పినా భార్య ఈరమ్మతో సహా గూడెంలో ఒక్కరూ నమ్మలేదు. అందుకే అందరినీ ఆటోల్లో వెంటబెట్టుకొచ్చాడు.

అంతదాకా చీకటి సీన్లు కావడంతో నా కంటికి ఏ తేడా కనిపించలేదు. గురవయ్య సీను వచ్చింది. హీరో నిగనిగలాడుతున్నాడు. ఎడమ పక్కన ఉన్న మనిషికి మాత్రం ముఖం ఉండాల్సిన చోట ఎర్రటి మసక. చాచిన చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. గూడెంవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ సీను కాస్తా దాటిపోయింది.

గభాలున లేచాను. చూస్తే పోర్ట్ గ్లాస్ మీద, అంటే క్యాబిన్‌కూ హాలుకూ మధ్యనున్న అద్దం మీద, చందనం పూసి పెట్టిన ఇంత కుంకుమ బొట్టు. తువ్వాలుతో గబగబా తుడిచాను. తర్వాత అడిగితే పెద్దమ్మ తాపీగా చెప్పింది: "మిషన్‌కు మొగమేదో నాకేం తెలుసు ఖాదరూ? మెరుస్తా ఉంటే అదే అనుకుంటి."

ఇంటర్వెల్‌లో గురవయ్య క్యాబిన్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, ముఖం చిన్నబోయి ఉంది.

"ఆ చెయ్యి ఎవురిదైనా కావచ్చు అంటాంది మా ఇంటిది. నా మొగం ఒక్కసారి చూపియ్యన్నా."

వేసిన సీను మళ్ళీ వేస్తే జనం ఊరుకోరు. అయినా నాకు ఆగబుద్ధి కాలేదు. ఇంటర్వెల్ తర్వాత బొమ్మను వెనక్కి జరిపి ఆ సీను నుంచే మొదలుపెట్టాను. ఈలలు, గోల. అంతలో తెర మీద గురవయ్య, నుదుటి ముడతలతో సహా. గూడెమంతా లేచి నిలబడింది. సంగతి అర్థమై మిగతా జనం కూడా చప్పట్లు కొట్టారు. ఈరమ్మ వెనక్కి తిరిగి, పైన నా అద్దం వైపు చూసి కేకేసింది.

"ఇంకోసారి వెయ్యన్నా."

వేశాను. ఓనరు తిట్లు కూడా ఆ రోజు నాకు తియ్యగానే ఉన్నాయి.

ఇప్పుడు పూజకు నేను పక్కనే ఉండి, మిషన్ ఇనుప ఒంటి మీదే బొట్టు పెట్టిస్తాను. ప్రతి షోకు ముందు తెల్ల లైటు వేసి తెర నాలుగు మూలలూ చూసుకుంటాను. హీరోకేం, ఆయన నడిమధ్యన ఉంటాడు. అంచున నిలబడిన మనిషిని చూడడానికీ ఎవరో ఒకరు టికెట్ కొనుక్కుని వచ్చే ఉంటారు.