అవ్వ కట్టిన టీచరమ్మ చీర

మా చిన్నప్పుడు... బడిలో స్వయంపాలన దినం వస్తుందంటే ఊళ్లో అమ్మల చీరలన్నీ పెట్టెల్లోంచి బయటికి వచ్చేవి. ఆ ఒక్కరోజు పిల్లలే సార్లు, పిల్లలే మేడమ్‌లు.

జనగామ నుంచి లింగాల ఘనపూర్ పోయే తొవ్వలో మాది చిన్న ఊరు. బడి కూడా చిన్నదే. సర్కారుది కాదు, మా ఊరి సారు ఒకాయన సొంతంగా పెట్టుకున్నది. రెండు రేకుల గదులు, ముందు ఇంత వాకిలి. నేను ఐదో తరగతి. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు మేడమ్‌గా నన్ను పెట్టారు.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఆ పొద్దున వరి నాటుకు పోవాలి. పోయేముందు నన్ను నిలబెట్టి, తన ఆకుపచ్చ చీర తీసి కట్టింది. నా చుట్టూ తిరిగి తిరిగి బిగించింది. వెనక్కి గోచి పెట్టి, కొంగు నడుముకు చుట్టి దోపింది. పొలంలో వంగితే జారకూడదు కదా... ఆమెకు వచ్చిన కట్టు అదొక్కటే.

"ఇగ ఉరుకు బిడ్డా... ఎంత ఉరికినా ఊడది" అన్నది.

బడి వాకిట్లో అడుగు పెట్టానో లేదో, పెద్ద పిల్లలు ఒకటే నవ్వుడు.

"ఓ మేడం! నాటేసేతందుకు వచ్చినవా? నారుకట్ట యాడ వెట్టినవ్?"

మిగతా ఆడపిల్లలందరివీ కుచ్చిళ్లు పోసి, భుజం మీద పిన్ను పెట్టిన చీరలు. గోచి నాదొక్కదానిదే. గోడకు తిరిగి ఏడ్చాను...

సారు నన్ను చూశాడు. నవ్వలేదు. "ఏం మేడం, బెల్లు కొట్టి ఎంతసేపాయె? మీ పిల్లలు ఎదురుచూస్తున్నరు" అన్నాడు. నన్ను మేడం అన్నాడు! కళ్లు తుడుచుకుని పోయి పలకల మీద అక్షరాలు దిద్దించాను.

మధ్యాహ్నం ఒక చిన్న పిల్ల, "మేడం, కిటికీ కాడ ఎవలో ఉన్నరు" అన్నది. చూస్తే మా అవ్వ. మోకాళ్ల దాకా బురద. నా ఒంటి మీద ఉన్న కట్టే ఆమె ఒంటి మీదా ఉంది. నన్ను చూసింది, పక్క గదిలో ఆడపిల్లల కుచ్చిళ్లు చూసింది. ముఖం చిన్నబోయింది.

"గట్ల కట్టాల్నా బిడ్డా... నాకెరుకలేకపాయె. ఇప్పి మళ్ల కట్టనా?"

"వద్దవ్వా... గిట్లనే మంచిగుంది" అన్నాను.

నా చదువు ఆ ఏడాదితోనే ఆగిపోయింది. నా బిడ్డ శ్రీజను మాత్రం అదే బడిలో వేశాను. ఇప్పుడు రేకులు పోయి అవే గోడల మీద స్లాబు పడింది, సారు తల తెల్లబడింది. జెండా పండుగ ముందు తల్లులందరం పోయి బడి వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సానుపు చల్లి ముగ్గులు వేసే అలవాటు మాత్రం అట్లనే ఉంది. ముగ్గులో రంగులు నింపడానికి శ్రీజ నా వెంట వచ్చేది... నాకంటే ముందు ఉరికేది.

ఈ చీర ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పించుకునేది నా బిడ్డ. "ఏడో తరగతికి వచ్చినంక నేనే తెలుగు మేడం, మమ్మీ. అమ్మమ్మ చీరనే కట్టాలె, గోచి పెట్టే కట్టాలె. ఎవలు నవ్వుతరో చూస్తా!"

మా అవ్వ పోయాక ఆ చీర నా బీరువాలోనే ఉంది. శ్రీజ కోసమే దాచాను.

పోయిన వానాకాలం, ఆరో తరగతిలో ఉండగా, శ్రీజకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయాం... నా బిడ్డ మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

అప్పటి నుంచి నేను బడి ముందు నుంచి పోను. చుట్టూ తిరిగి పోతాను. బెల్లు వినబడితే తలుపు వేసుకుంటాను.

వచ్చే శనివారం బడిలో మళ్లీ స్వయంపాలన. నిన్న సాయంత్రం శ్రీజ దోస్తు శివాని వచ్చి వాకిట్లోనే నిలబడింది.

"ఆంటీ... నన్ను తెలుగు మేడం చేసిండ్రు."

"మంచిగైంది బిడ్డా."

"నేను చెయ్యనన్న. అది శ్రీజది అన్న. సారేమో... వాళ్ల అమ్మను అడుగుపో, ఆమె సరే అంటెనే చెయ్యి అన్నడు."

వాకిట్లోకి పోయి ఆ పిల్ల ముందు నిలబడ్డాను. "చీర కావాల్నా? మీ మమ్మీది లేదా?" అని అడిగాను.

"ఉన్నది. కుట్టిన చీరలు కిరాయికి గూడ ఇస్తరు, హుక్కు పెట్టుకుంటె అయిపాయె. కానీ శ్రీజ గోచి అన్నది కదా ఆంటీ... అది మా మమ్మీకి రాదు."

లోపలికి పోయి బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ చీర తీసి ఇంకో పిల్లకు కడితే, నా బిడ్డ ఇక రాదని నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది. లేదు పో అందామనుకున్నాను... వాకిట్లో ఆ పిల్ల చేతులు కట్టుకుని అట్లనే నిలబడి ఉంది.

తీశాను.

కడుతుంటే నా చేతులు మా అవ్వ చేతుల్లాగే తిరిగాయి. గోచి బిగిస్తే శివాని, "అమ్మో ఆంటీ... ఊపిరాడుతలేదు!" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"ఉరికి చూడు బిడ్డా... ఊడది" అన్నాను.

వాకిలంతా ఉరికింది. చీర కదలలేదు.

శనివారం పొద్దున నేనే బడికి వచ్చి కడతానని చెప్పి పంపాను. గేటు దాకా పోయాక కాళ్లు సాగుతాయో లేదో తెలియదు. సాగితే... మా అవ్వ నిలబడ్డ కిటికీ దగ్గరే కాసేపు నిలబడతాను.

ఇప్పుడు చీరలు కూడా కుట్టినవే వస్తున్నాయి... పిల్లను నిలబెట్టి చుట్టూ తిరిగే పని తల్లులకు లేకుండా పోయింది. మీ బడిలో మీకు మొదటిసారి చీరో, పంచెనో కట్టి పంపింది ఎవరు? ఆ మనిషి ముచ్చట ఒకటి కింద రాయండి... చదువుతూ కూర్చుంటాను.