నాది కాదన్న కారు

ఆ రోజుల్లో మా జనగామలో కరెంటుకు కోత ఉండేది, బస్సులకు కోత ఉండేది, అనుమానానికి మాత్రం ఏ కోతా ఉండేది కాదు. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదికి వచ్చిన కాలం అది. రాజీనామా చేసిన నాయకుడు నిజంగానే చేశాడా, లేక ఒక కాగితం ఇచ్చి ఇంకో కాగితం జేబులో దాచుకున్నాడా అని హోటళ్ల దగ్గర పొద్దంతా పంచాయితీ నడిచేది. కొత్త మనిషి కనిపిస్తే "ఎవలి దిక్కు?" అని అడిగేవాళ్లు. పాత మనిషి నాలుగు రోజులు కనిపించకపోతే "ఎవలి దిక్కు పోయిండు?" అని అడిగేవాళ్లు. అలాంటి కాలంలో, ఊరందరి అనుమానాలూ ఒక తక్కెడలో వేసినా తన ఒక్కడి అనుమానమే బరువు తూగే మనిషి ఒకాయన మా షెడ్డుకు కారేసుకుని వచ్చాడు.

మా షెడ్డు అన్నాను గానీ అది మా బావది. నాది మానుకోట పక్కన పల్లె (బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు, బస్సెక్కి అలా అడిగితే కండక్టరు కొత్తోడివా అన్నట్టు చూస్తాడు). చదువు నన్ను, నేను చదువును సమానంగా వదిలేసుకున్నాక, అక్క నన్ను జనగామ పిలిపించుకుని బావ చేతిలో పెట్టింది. హైదరాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు. జీపులు, ఆటోలు, ట్రాక్టరు ట్రాలీలు వచ్చేవి. బంద్‌లు మొదలయ్యాక అవీ రాలేదు. రిపేరుకు రావాలంటే బండి ముందు తిరగాలి కదా. "ఉద్యమానికి నేను అడ్డం గాదు గని, జర మా పొయ్యికి బంద్ నుంచి మినహాయింపు ఇయ్యమని చెప్పుండ్రి" అనేది అక్క, అన్నం వడ్డిస్తూ. ఎవరికి చెప్పాలో తెలియక నేనూ బావా పళ్లెంలోకి చూసేవాళ్లం.

వచ్చినాయన భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు తిప్పే సేటు. ఆయన డ్రైవర్లు పెట్టుకున్న పేరు ఎనుకద్దం సేటు. నడిచేటప్పుడు కూడా ముందుకంటే వెనక్కే ఎక్కువ చూస్తాడని. ఆయన తెచ్చిన కారు హైదరాబాద్‌లో ఎవరో మోజు తీరి అమ్ముకున్నది. రెండే తలుపులు, నేలను వాసన చూస్తున్నట్టు ముందుకు వంగిన మూతి, స్టార్ట్ చేస్తే పక్క దుకాణంలో డబ్బాలు కదిలేంత గర్జన. రేసుల్లాంటి రోడ్ల కోసం పుట్టిన బండి. దాన్ని ఆయన బొగ్గు లారీలు తవ్విన గుంతల్లో తిప్పాడు. కంపెనీ బిగించిన షాకబ్జర్లు నాలుగూ పగిలి ఆయిలు కారుతున్నాయి. అవి మామూలువి కూడా కావు. ఒక్కోదాని నెత్తి మీద ఒక వైరు, ఆ వైరు చివర కంప్యూటరు, ఏ గుంతకు ఎంత గట్టిగా నిలబడాలో అది చెబుతుందట. ఇప్పుడు అది చెబుతూనే ఉంది, వీటికే వినే ఓపిక లేదు. బ్రేకు వేస్తే కారు ఆగేది గానీ ఊగడం ఆగేది కాదు.

"ఊరికెనే పెట్టిండ్రా దీనికి కారు అని పేరు, కారుడే దీని పని" అన్నాను నేను. బావ నవ్వలేదు. సేటు నా వైపు అనుమానంగా చూశాడు.

"షోరూమోళ్లు నాలుగూ మార్చాలె అంటున్నరు. నాలుగు ఒక్కసారే ఎట్ల ఖరాబైతయి? వాళ్లే ఏదో జేసిండ్రు" అన్నాడు సేటు. బావ కారు కింద అట్టముక్కలు పరిచి, చక్రాల దగ్గర గుడ్డతో తుడిచి, పొద్దున వచ్చి చూడమన్నాడు. పొద్దున అట్టల మీద మరకలు ఉన్నాయి. సేటు ఒంగి వేలితో ముట్టుకుని, వాసన చూసి, "గీ ఆయిలు నువ్వు పోసిందైతే గాదు గద" అన్నాడు. బావ ఓపిక గల మనిషి. మళ్లీ తుడిచి, కుర్చీ తెచ్చి వేసి, "కూసోండ్రి సేటు. మీ ముంగటనే కారుతది" అన్నాడు. సేటు కూర్చున్నాడు. కారింది. ఆయన నమ్మాడు, కానీ ఇంత తొందరగా ఎందుకు కారిందని కొంచెంసేపు ఆలోచించాడు.

ఆ కుర్చీలోంచి ఆయన ఇక లేవలేదు. హైదరాబాద్ నుంచి వైరు లేని కొత్త షాకబ్జర్లు, వాటికి తగ్గ స్ప్రింగులు రైల్లో వచ్చాయి. వాటి ఒంటికి మర ఉన్న రింగులు ఉంటాయి, తిప్పితే కారు లేస్తుంది, దిగుతుంది. వైరు పీకేస్తే లోపల పసుపు లైటు వెలుగుతుంది కాబట్టి, కంప్యూటరును మభ్యపెట్టే చిన్న ప్లగ్గులు కూడా వచ్చాయి.

"అంటే కారుకు అబద్ధం చెప్తున్నమా?"

"చిన్న అబద్ధమే సేటు. లేకుంటే రోజూ లైటు పెట్టి పరేషాన్ జేస్తది."

"కారుకే అబద్ధం చెప్పేటోడు నాకు చెప్పడా?" అని సేటు తనలో తాను అనుకున్నాడు, మా ఇద్దరికీ వినపడేలా.

ఇంత సహించడానికి కారణం ఉంది. మొదటిరోజే సేటు ఒక మాట జారాడు: ఈ పని కుదిరితే తన టిప్పర్ల కింద బరువు మోసే ఇనుప పట్టీల పని కూడా మా షెడ్డుకే ఇస్తానని. లారీ పట్టీల పని అంటే ఏడాది పొడుగునా తెగని పని. ఆ మాట విన్నప్పటి నుంచి అక్క సేటుకు చాయ్‌లో పాలు ఎక్కువ పోస్తోంది. (ఆ చాయ్‌ని కూడా ఆయన తాను తాగేముందు నాతో ఒక గుక్క తాగించేవాడు.)

ఎత్తు దగ్గర బావ తన బుర్ర వాడాడు. అన్నేళ్లూ జీపులు, ట్రాలీలు చేసిన చేయి. ఎత్తుగా ఉండటమే బండికి గౌరవం అని ఆయన నమ్మకం. "గీ స్పీడు బ్రేకర్లకు, రాస్తారోకో రాళ్లకు కిందికుంటే ఎట్ల ఎల్తది?" అని రింగులు మర ఉన్నంతవరకూ తిప్పాడు. చివరి చక్రం బిగించేలోపే సేటుకు ఫోను వచ్చింది, సమ్మెలో టిప్పర్లు ఆగిపోయాయని. ఎవరిదో జీపు పట్టుకుని భూపాలపల్లికి పరుగెత్తాడు. పోతూ పోతూ నాకు చెప్పాడు: "కారు నువ్వే తేవాలె. పాత షాకబ్జర్లు నాలుగు డిక్కీల ఏసుకొని తేవాలె. నాలుగు."

తెల్లారి నేను బయల్దేరాను. అంతకు ముందు నేను తోలిన పెద్ద వేగం బావ జీపుది, అదీ దిగుడులో. ఈ కారేమో కాలు ఆనిస్తే చాలు, చెట్లు వెనక్కి పారిపోతున్నాయి. పైగా బావ ఎత్తిన ఎత్తుకు అది లేగదూడ మొదటిసారి లేచి నిలబడ్డట్టుంది. అద్దంలో నన్ను నేను చూసుకుని జుట్టు సవరించుకునేలోపు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు. పక్కన రిలే దీక్షల టెంటు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు. గంజి వంచుతున్న ఒక అవ్వ, తలకు తువ్వాల చుట్టుకుని మైకు పట్టుకున్న ఒక కాక. అక్కడ అందరూ ఆయన్ని మైకు కాక అనే పిలుస్తున్నారు.

"ఎవలిది తమ్మీ గీ కారు?" మైకులోనే అడిగాడు. ప్రశ్న పక్క ఊరు చిల్పూర్ దాకా వినపడి ఉంటుంది.

"భూపాలపల్లి సేటుది కాకా. రిపేరు జేసి తీస్కపోతున్న."

"నల్లద్దాలు, రెండే తలుపులు, తెలంగాణ స్టిక్కరు లేదు. డిక్కీ తియ్యి."

తీశాను. గోనె సంచి విప్పాను. పొడుగాటి ఇనుప గొట్టాలు నాలుగు, జిడ్డు ఓడుతూ, ఒక్కోదాని తల నుంచి వైరు బయటికి వేలాడుతూ. చుట్టూ చేరిన జనం ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు నాకూ అవి ఎలా కనిపిస్తున్నాయో కనిపించింది. అన్నలు తిరిగిన అడవులున్న భూపాలపల్లి పేరు చెప్పి, వైర్లున్న గొట్టాలు చూపిస్తే ఎవరికి మాత్రం షాకబ్జర్లు గుర్తొస్తాయి?

"ఇవేంది?" ఈసారి మైకు పక్కన పెట్టి అడిగాడు కాక.

"షాకులు కాకా" అన్నాను, షెడ్డులో అనే అలవాటు కొద్దీ. ఇంకో అడుగు వెనక్కి వేశారు.

"ఉద్యమాన్ని బద్నాం జేసేతందుకు ఎవడో పంపిండు ఈన్ని" అన్నారు వెనక నుంచి. "పేలినంక మన మీద ఏస్తరు." చూస్తుండగానే నేను ఎవరి మనిషినో తేల్చడానికి మూడు వాదాలు లేచాయి. ఒకదాంట్లో కూడా నేను బావ బామ్మర్దిని కాను. అప్పుడు కాక నా చేతిలోంచి ఫోను తీసుకుని, సేటుకు కలిపి, స్పీకర్ ఆన్ చేశాడు.

"హలో, మేం ఘన్‌పూర్ శిబిరం కాడికెల్లి మాట్లాడుతున్నం. మీ కారు మా దగ్గరున్నది."

 శిబిరం అన్న మాట అవతల సేటు బుర్రలో ఎన్ని మలుపులు తిరిగిందో నేను ఊహించగలను: చందానా, బెదిరింపా, లేక ఆస్తులు ఆరా తీసే ఆఫీసరు వేషమా.

"ఏ కారు?" అన్నాడు సేటు. "నాకు కారు లేదు. నేను బస్సుల తిరిగేటోన్ని."

"మరి ఈ పిలగాడు?"

"ఏ పిలగాడు? ఎన్నడు జూడలే." ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

జనమంతా నా వైపు తిరిగారు.  ఇక చేయగలిగింది ఒక్కటే అనిపించి, జాకీ తీసి, నడిరోడ్డు మీద కారు లేపి, ముందు చక్రం విప్పాను. లోపల బిగించిన కొత్త షాకబ్జర్ పక్కన పాతది పట్టుకుని చూపించాను. పొడుగు అదే, బోల్టు పట్టే చోటు అదే. పాతదాన్ని నేల మీద నిలబెట్టి నొక్కితే లోపలికి పోయింది, తిరిగి రాలేదు. రాస్తారోకోలో ఇరుక్కున్న ఒక లారీ డ్రైవరు వచ్చి తానూ నొక్కి, "సచ్చిపోయింది పాపం" అన్నాడు. ఆ మాటతో బాంబు భయం పోయి, వరుసగా అందరూ వచ్చి నొక్కి చూడటం మొదలుపెట్టారు.

"సామాను సంగతి సమజైంది" అన్నాడు కాక. "ఓనరు సంగతే సమజ్ గాలే. కారు కొట్టుకొచ్చినవా ఏంది?"

దానికి అవ్వ గరిటె ఆపకుండానే జవాబిచ్చింది. "దొంగోడు గిట్ల సెక్రం ఇప్పుకొని నడిరోడ్డు మీద కూసుంటడా? మొకం జూడు, ఎట్ల పీక్కపోయిందో. ముందుగాల బువ్వ పెట్టుండ్రి."

పెట్టారు. తింటూ ఉండగా వెనక అద్దానికి జై తెలంగాణ స్టిక్కరు అంటించారు. పంపేముందు కాక ఒక పాత షాకబ్జర్ తీసి టెంటులో పెట్టుకున్నాడు. "ఇది మా కాడుంటది. మీ సేటు వచ్చి కారు నాదే అని ఒక్క మాటంటే ఇస్తం."

భూపాలపల్లిలో సేటు కారు చుట్టూ తిరిగాడు. ఒంగి కిందికి చూశాడు. "ఇది నా కారు గాదు. నా కారు కింద పిల్లి దూరకపోవు. దీని కింద మేకపోతు నిలవడి మేస్తది." తర్వాత డిక్కీలో చూసి, "నాలుగోది ఏది? అమ్ముకున్నవా?" అన్నాడు. శిబిరంలో ఉందని చెప్పాను. సేటు ముఖం మారింది. "ఫోన్ల మాట్లాడింది నేను గాదు" అన్నాడు. నేను ఫోను సంగతి ఇంకా ఎత్తనే లేదు.

కాసేపటికి తేరుకుని, నాలుగోది చేతికి వస్తేనే టిప్పర్ల పని ముచ్చట అన్నాడు. నాకు అన్నం వడ్డించే అక్క చేయి గుర్తొచ్చి, "పోదాం సేటు, మీరు ఒక్క మాట అంటే ఇస్తరు" అన్నాను.

మరునాడు ఆయనే తోలాడు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా, ఇంతకాలం కింద తాకిన అలవాటుకు, పళ్లు బిగించి సీట్లోంచి కొద్దిగా పైకి లేచేవాడు, తాను లేస్తే కారు కూడా లేస్తుందన్నట్టు. ఎక్కడా తాకలేదు. పరకాల దాటాక లేవడం మానేశాడు, కానీ తాకనందుకు కూడా ఏదో మతలబు ఉందన్నట్టే నా వైపు చూశాడు.

టెంటులో కాక ఆయన్ని కిందినుంచి మీదికి చూశాడు. "మీరెవరు?"

"కారు ఓనర్ను."

"ఓనరు బస్సుల తిరుగుతడని ఫోన్ల చెప్పిండ్రే. మీరు ఓనరని ఏం నమ్మకం?"

జీవితమంతా ఇతరులను అడిగిన ప్రశ్న తనకు ఎదురొస్తే మనిషి ఎలా ఉంటాడో నేను ఆ పూట చూశాను. సేటు ఆర్‌సీ తీశాడు, లైసెన్సు తీశాడు, మెడలో గొలుసు కూడా తీసేలా కనిపించాడు. కాక ఏదీ చూడకుండా మైకు ఆయన చేతిలో పెట్టాడు. "గిండ్ల చెప్పుండ్రి."

"ఈ కారు నాది" అన్నాడు సేటు, చాలా చిన్నగా. మైకు దాన్ని పెద్దది చేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆయన కూడా జై తెలంగాణ అన్నాడు, ఒకసారి అన్నాక ఆగలేక ఇంకోసారి అన్నాడు. అవ్వ షాకబ్జర్‌ని శుభ్రంగా తుడిచి పేపర్లో చుట్టి తెచ్చింది. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాదేనా ఇది?" అని నా చెవిలో అడిగాడు.

వారం తిరక్కముందే మొదటి టిప్పరు మా షెడ్డు ముందు ఆగింది. దాని వెనక ఇంకోటి. తన రింగుల ఎత్తు వల్లే అని బావ, తన చాయ్ వల్ల అని అక్క అనుకున్నారు. నా డ్రైవింగు వల్ల అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ తర్వాత ఒక టిప్పరు డ్రైవరు పట్టీలు మారుస్తుండగా మాటల్లో చెప్పాడు: "మా సేటు ఏమంటడంటె అన్నా, 'ఆ పిలగాని నోట్ల ఒక ముచ్చటున్నది, శిబిరానికి నేను ఫోన్ల చెప్పిన మాట భూపాలపల్లిల తెలిస్తే నా పరువు పోతది, ఆ షెడ్డుకు పని తప్పొద్దు' అంటడు." ఒట్టు, ఆ ముచ్చటతో ఆయన్ని బెదిరించవచ్చని మాకు ఎవరికీ తట్టనే లేదు. ఆయనే అనుమానించాడు. ఆ అనుమానం మీదే మా అక్క వాళ్ల ఇంటికి స్లాబు పడింది.

మొన్న హన్మకొండలో ఒక పెళ్లిలో సేటు కనిపించాడు. చేతికర్ర వచ్చింది, అయినా అడుగుకోసారి వెనక్కి చూడటం పోలేదు. నాకు జుట్టు పోయి, నడుము నొప్పి వచ్చింది. ఇప్పుడు స్పీడు బ్రేకర్ల దగ్గర పళ్లు బిగించి లేచేది నేనే. పక్కకు పిలిచి, మెల్లగా అడిగాడు: "పిలగా, ఆ ఫోను ముచ్చట ఎవలికన్న చెప్పినవా?"

"ఏ ఫోను సేటు?" అన్నాను.

వెనక్కోసారి చూసుకున్నాడు. నమ్మలేదు. పోతూ పోతూ నా భుజం తట్టి, రేపు ఒక టిప్పరు పంపుతానన్నాడు. షెడ్డు మూసేసి చాలా కాలమైందని చెప్పబుద్ధి కాలేదు. పంపమన్నాను.