కలెక్టరు దొర ముందు హంసలు

ఆ రోజుల్లో నాకు మాట కంటే ముందు సమాసం వచ్చేది. మార్కాపురం గ్రంథాలయంలో అట్టలూడిన ప్రబంధాలన్నీ నమిలి మింగినవాణ్ణి. అర్థం కానివి రెండుసార్లు మింగాను. అలాంటి నాకు మా పెదనాయన ఒక్కడే కొరకరాని కొయ్య. ఆయన కవి. కానీ చూడనిది రాయడు, చూసింది దాచడు. మేనల్లుడి పెళ్ళిలో ఆశీర్వాద పద్యం చదవమంటే, పెళ్ళికొడుకు పొట్టివాడు, నల్లనివాడు, అయినా మడక పట్టి దున్నాడంటే సాలు వంకర పోదు అని చదివి కూర్చున్నాడు. (పెళ్ళికూతురు మాత్రం నవ్వింది.)

కొనకనమిట్ల దగ్గరి మా ఊరికి మంచినీళ్ళ బావి లేదు. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి, వాగులో చెలమలు తీసి తోడుకునేవారు. ఒక ఎండాకాలం కలెక్టరు దొర మకాంకు వస్తున్నాడని తెలిసి, బావి అడగాలని పెద్దలు అనుకున్నారు. ముందు స్వాగత పద్యాలు చదవడం ఆచారం. పెదనాయన రాసింది చూస్తే తల బాదుకోవాలనిపించింది. బిందె, చెలమ, ఎండ, అంతే. ఒక్క అలంకారమన్నా పెట్టమని బతిమాలాను.

"బిందెకు అలంకారమేందిరా, నీళ్ళుంటే చాలు," అన్నాడు.

ఇక ఊరి పరువు నా నెత్తిన పడిందనుకుని, సొంతంగా పద్యాలు కట్టి, దొర ముందు పెదనాయన కంటే ముందే లేచి చదివాను. పురవర్ణన లేని కావ్యం ఉంటుందా? కొలనులు, తామరలు, బారులు తీరిన హంసలు, అన్నిటినీ మా ఊళ్ళో దించాను. తాసిల్దారు ఇంగ్లీషులో చెబుతుంటే దొర తల ఊపుతూ విన్నాడు. ఇన్ని నీళ్ళున్న ఊరికి బావెందుకు, పక్క ఊరికి ఇద్దామన్నాడట. వెనక ఖాళీ బిందెతో నిలబడ్డ మా అత్త, "ఆ హంసలు యాడుండాయో చూపీ నాయనా, ఆడికే పోయి ముంచుకుంటాం," అంది.

నువ్వన్నా చెప్పు అని పెదనాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. కదిలితేనా!

"రాసినోడివి నువ్వు. అబద్ధమని నువ్వే చెప్పు."

చెప్పాను. అందరి ముందూ ఒక్కొక్క కొలనునూ ఎండబెట్టి, ఒక్కొక్క హంసనూ తోలేశాను. దొర పడీ పడీ నవ్వి, బావికి ఒప్పుకున్నాడు.

బావిలో నీళ్ళు పడ్డ రోజు మొదటి చేద పెదనాయనకే ఇచ్చి, దీనిమీద ఏం రాయమంటావని అడిగాను. గుక్కెడు తాగి, "రవ్వంత ఉప్పగుండాది. అదే రాయి," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి 'అమృతం' అని రాసి, చాలాసేపు చూసి, కొట్టేశాను.

ఇప్పటికీ ఏదన్నా రాయబోతే కాగితం మీద ఓ హంస వచ్చి వాలుతుంది. ముసలివాణ్ణయ్యాను కదా, తోలేముందు కాసేపు చూసుకుంటాను.