అక్క పెట్టుకున్న అడ్డతొవ్వ

నేను గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పిన వాళ్లలో నన్ను మించిపోయింది ఒక్కరే. ఆమె జైనూర్ అవతల ఒక గూడెంలో బడి పంతులమ్మ. ఒకే చర్చి సంఘం వాళ్లం కాబట్టి నేను అక్క అంటాను, ఆమె తమ్మి అంటుంది.

మా ఆడవాళ్లు ఇళ్ల కూటాల్లో పాడుకునే కీర్తనలు కొన్ని ఏ పుస్తకంలోనూ లేవు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మా ఇద్దరి మీద పడింది. నేను మెట్‌పల్లిలో ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునేవాణ్ని. ఎవరు ఏ మాట మార్చారో తెలియాలంటే గిట్ ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేనే. ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ల ప్రతి, ఇద్దరికీ కలిపి సర్వర్‌లో ఒకటి. ఆ దూరపు ప్రతినే రిమోట్ అంటారు. మన బ్రాంచి, అంటే మన మార్పుల వరస, అక్కడి ఏ బ్రాంచిని చూసుకోవాలో ఒకసారి చెప్పి పెడితే, అక్కడి నుంచి ఎన్ని మార్పులు రావాలో, ఇక్కడి నుంచి ఎన్ని పోవాలో అదే చెబుతుంది.

గూడెంలో సిగ్నల్ లేదు. జైనూర్ వారపు అంగడికి వచ్చిన రోజే అక్క పాటలు పంపేది.

"వాగొస్తే జీపు నడవదు తమ్మి. గప్పుడెట్ల?" అని అడిగింది.

"ఆగాలె అక్కా" అన్నాను.

ఆమె ఆగలేదు. ఒక పెన్‌డ్రైవ్‌ను రెండో రిమోట్‌గా చేసుకుని దానికి అడ్డదారి అన్నట్టు అడ్డతొవ్వ అని పేరు పెట్టింది. రోజూ సాయంత్రం పాటలు దానిలోకి, అంగడి రోజు సర్వర్‌కు. చెమ్మ తగలకుండా దాన్ని బియ్యం డబ్బాలో దాస్తుందని తెలిసి నేను పగలబడి నవ్వాను. ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకున్నాక చూడనిదే తన ప్రతిలో కలిపేది కాదు. "ఇంటికొచ్చినోళ్లు ఎవరో చూడకుంటనే లోపలికి రమ్మంటమా?" అనేది.

ఆ గూడెంలో ఒక ముసలమ్మకు ఇంకెవరికీ రాని పాటలు ఏడు వచ్చు. అక్క ఆమె పక్కన కూర్చుని అన్నీ రాసుకుని, అంగడి రోజు సర్వర్‌కు పంపింది. ఆ తర్వాత కొద్ది రోజులకే పక్షవాతం వచ్చి ముసలమ్మకు మాట పడిపోయింది.

ఆ వారమే, కంపెనీ మీటింగుకు ముందు, నేను దిద్దినవి పంపబోయాను. సర్వర్ ఒప్పుకోలేదు. నీ దగ్గర లేనివి ఇక్కడ ఉన్నాయి, ముందు తెచ్చుకో అంది. నాకు తొందర. చూడకుండా బలవంతంగా తోసేశాను. అలా తోస్తే అక్కడున్నవి చెరిగిపోయి మనం పంపినవే మిగులుతాయి. ఊళ్లో అందరికీ వద్దని చెప్పే పనే అది.

రెండు రోజులకు అంగడి నుంచి అక్క ఫోన్ చేసింది.

"జీపుల తడిసి లాప్‌టాప్ ఖరాబైంది తమ్మి. ఫికర్ లేదులే, పాటలు పైన ఉన్నయ్ గదా."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు చూశాను. సర్వర్‌లో ఆ ఏడు పాటలు లేవు. ముందు తెచ్చుకోలేదు కాబట్టి నా దగ్గరా లేవు. చేసింది చెప్పేశాను.

"అడ్డతొవ్వ ఉన్నది గదా. నువ్వు రా" అంది.

మర్నాడు ఉట్నూర్ మీదుగా వెళ్లాను. అక్క బియ్యంలోంచి పెన్‌డ్రైవ్ తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. నా లాప్‌టాప్‌లో దాన్ని రిమోట్‌గా చేర్చాను.

"తెచ్చుకో. కలపకు. ముందుగాల చూడు."

చూశాను. ఏడూ ఉన్నాయి. అప్పుడు కలిపాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఒక్క మాట దెప్పని ఆ మనిషి ముందు నా చదువంతా చిన్నగా అనిపించింది.

అక్కడి నుంచి ముసలమ్మ ఇంటికి పోయాం. అక్క మంచం పక్కన కూర్చుని తెర మీద చూస్తూ పాడింది. మూడో పాటలో ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. అక్క ఆగి ఒక మాట మార్చి పాడింది. మళ్లీ అడ్డంగానే ఊపింది. ఇంకో మాట పెట్టి పాడితే కళ్లు మూసుకుని, సరే అన్నట్టు తలూపింది.

అక్క ఆ మాట దిద్దింది. మార్చినవారి పేరు రాసే చోట నా పేరు తీసేసి ముసలమ్మ పేరు టైపు చేసి, లాప్‌టాప్ నా చేతిలో పెట్టింది. నేను ముందు పెన్‌డ్రైవ్‌లో కొత్తవేమైనా ఉన్నాయేమో చూశాను. తర్వాతే ముసలమ్మ మార్పును అడ్డతొవ్వకు పంపాను.