దొర ముందు నిలబడ్డ కాలు

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, నేను అక్కడి తాలూకా ఆఫీసులో గుమాస్తాని. పనిచేసుకోలేని వికలాంగులకు నెలనెలా పింఛను ఇస్తామని సర్కారు చెప్పింది. రానివాళ్ళకు రాలేదని కాగితం పంపడం నా పని. ఆ కాగితం ఇంగ్లీషులో రెండే వరుసలు: అర్జీ చూశాము, అర్హత లేదు. ఎందుకు లేదో ఉండదు. కారణం రాస్తే జనం వాదనకు దిగుతారని మా హెడ్ గుమాస్తాగారి భయం. రాయకపోతే నేరుగా ఆఫీసుకే దిగుతారని ఆయనకు తోచలేదు.

అలా దిగినవాళ్ళలో కంభం దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన. గుట్ట మీద జారిపడితే కుడికాలు విరిగి, మోకాలి కింద వంకరగా అతుక్కుంది. కర్ర లేనిదే అడుగు పడదు. మందను భార్య ఒక్కతే మేపలేక సగం గొర్రెలు అమ్మేశారు. పింఛను రాకపోతే మిగతావీ సంతకే. రెండుసార్లు అర్జీ పెట్టి, రెండుసార్లూ మా కాగితం అందుకున్నాడు.

"నేనేం తప్పు చేసినాను సారూ? దొర వచ్చినప్పుడు మర్యాదకేం తక్కువ చేయలేదే!" అన్నాడు.

విచారణకు వెళ్ళిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు రాసిన నోటు తీసి, తెలుగులో చెప్పాను. "నువ్వు కర్ర లేకుండా నిటారుగా నిలబడ్డావట. కాబట్టి కాళ్ళు బాగానే ఉన్నాయట."

"దొర ముందర కూర్చుంటానా? కర్ర పట్టుకొని ఎదురుపోతే కొట్టను వచ్చినాడనుకోడా? ఇంటెనక దాచిపెట్టినా. పంచె పాదాల దాకా దించి, గోడకానుకొని ఊపిరి బిగబట్టినా."

"మరి రెండోసారి?"

"మొదటిసారి సరిగా నిలబడలేదని కోపమొచ్చిందేమో అనుకున్నా. ఈసారి గోడ గూడా వదిలేసినా."

గదిలో అందరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఈ ముక్క మొదటి కాగితంలోనే తెలుగులో రాసుంటే మీ సిరా అయిపోయేదా సారూ?" అన్నాడు. హెడ్ గుమాస్తాగారు హఠాత్తుగా ముక్కుపొడుం డబ్బా వెతుక్కోసాగారు.

మూడో అర్జీ నేనే రాసిచ్చాను. దొర వస్తే కూర్చునే ఉండమనీ, పంచె మోకాళ్ళ పైకి లాగమనీ, కర్ర పక్కనే పెట్టుకోమనీ చెప్పాను. బూతులు నేర్పుతున్నట్టు ముఖం పెట్టి విన్నాడు.

విచారణ నాడు కాగితాలు మోసుకుంటూ ఇన్‌స్పెక్టరు వెంట నేనూ వెళ్ళాను. కాపరి అరుగు మీద కాలు చాపుకొని కూర్చున్నాడు. ఊరి మునసబుకు ఒళ్ళు మండింది.

"లెయ్‌రా! దొర నిలబడుంటే నువ్వు కూర్చుంటావేందిరా? ఒళ్ళు బలిసిందా?"

"నన్ను లేపొద్దయ్యా. లేస్తే పింఛను పోతాది."

ఇన్‌స్పెక్టరు వంగి ఆ కాలు చూశాడు. "ఇంత వంకర కాలితో రెండుసార్లు ఎట్ల నిలబడినావయ్యా?"

"మీరంటే భయంతో దొరా."

ఆయన అక్కడే అరుగు చివర కూర్చుని, మంజూరు చేయవచ్చని రాశాడు. మేం బండెక్కుతుంటే కాపరి అలవాటు చొప్పున గోడ పట్టుకొని దండం పెట్టడానికి లేవబోయాడు. భార్య రెండు చేతులతో భుజాలు పట్టి కిందికి నొక్కింది.

"కూర్చో! బండి ఊరు దాటినాక లేద్దువుగానీ."