ఇనుప సొరుగు, బిస్కెట్ డబ్బా

కుక్కల ఆసుపత్రి ముందుగదిలో కూర్చునే కాంపౌండరుకి ఒక బల్ల, ఒక ఫోను, ఒక ఇనుప సొరుగు, ఒక పాత బిస్కెట్ డబ్బా, ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నాయి. మొదటి నాలుగూ ఆసుపత్రివి. అనుభవం ఒక్కటే ఆయన సొంతం. సొంత సొత్తు కదా అని దాన్ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ధారాళంగా పంచిపెట్టేవాడు.

ఎవరైనా కుక్కని తీసుకుని గుమ్మం ఎక్కగానే ఆయన కళ్ళజోడు పైకి నెట్టి ఒక్క చూపు చూసేవాడు. ముక్కు, చెవులు, తోక. తీర్పు అయిపోయేది. జాతి కుక్కైతే దాని కార్డు ఇనుప సొరుగులోకి వెళ్ళేది. ఆ కార్డుల మీద టీకా తేదీ, పురుగుల మందు తేదీ, పళ్ళు చూపించాల్సిన తేదీ ఎర్ర సిరాతో రాసి, ప్రతి తేదీకీ రెండు రోజుల ముందు తనే ఫోన్ చేసి గుర్తుచేసేవాడు. అదే నాలుగు రకాలు కలగలిసిన కుక్కైతే కార్డు బిస్కెట్ డబ్బాలో పడేది. డబ్బాలో కార్డులకి తేదీలు లేవు, ఫోన్లు లేవు.

"జాతి కుక్కంటే గాజు గ్లాసండీ," అనేవాడు. "చప్పిడి ముక్కుదానికి ఊపిరాడదు. పొడుగు నడుముదానికి వెన్ను నిలవదు. భారీ వాటికి తుంటి కీలు అరుగుతుంది. మన కలగలుపు రకం అలా కాదు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటుంది. జబ్బు చేస్తే రండి. చెయ్యదనుకోండి, అయినా చేస్తే రండి."

ఇందులో సగం నిజం ఉంది. అదే వచ్చిన చిక్కు. మొత్తం అబద్ధమే అయితే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకుని ఉండేవారు.

పైగా ఆయన దగ్గర సాక్ష్యం ఉంది. దాని పేరు గట్టోడు. పన్నెండేళ్ళ కిందట రొట్టెల దుకాణం వెనక దొరికిన కుక్క. ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. కాళ్ళు పొట్టి, తోక చీపురు. "ముందు సగం ఒక కుక్కది, వెనక సగం ఇంకో కుక్కది, మధ్యలోది మాదని ఎవరూ ఒప్పుకోలేదు," అనేది ఆయన భార్య. చట్టం ఊరుకోదు కాబట్టి కుక్కకాటు టీకా వేయించాడు. అంతకుమించి గట్టోడు మందు మొహం ఎరగడు. తన సెల్‌ఫోన్‌లో వాడి బొమ్మ తీసి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఒకసారి వీధి చివరి టైలరు తన తెల్లమచ్చల ఆడకుక్కని తీసుకొచ్చాడు. దాని పేరు గుండీ. పిల్లగా ఉన్నప్పుడు చొక్కా గుండీ మింగిందట. "ఏడాదికోసారి చూపించమంటారా బాబూ?" అని అడిగాడు పెద్దాయన. కాంపౌండరు గట్టోడి బొమ్మ చూపించి, రాళ్ళ సంగతి చెప్పి, నవ్వుతూ పంపించేశాడు. టైలరు కూడా నవ్వుకుంటూనే వెళ్ళాడు.

పాత డాక్టరు పదవీ విరమణ చేశాక కొత్తగా డాక్టరమ్మ వచ్చింది. వచ్చిన వారానికే డబ్బా ఆమె కంట పడింది. "ఇందులో ఏముంది కాంపౌండరు గారూ?"

"పెద్దగా ఏం లేదమ్మా. అవీ ఇవీ కలిసినవి."

"టీకాలు, పురుగులు, పళ్ళు, బరువు, ఇవేవీ జాతి అడిగి రావండీ. జాతి కుక్కకి ఏ జబ్బు రావచ్చో కాస్త ముందే ఊహించగలం. వీటి తాతలెవరో తెలీదు, ఏ జబ్బు ఎటునుంచి వస్తుందో తెలీదు. తెలీనప్పుడు ఇంకాస్త జాగ్రత్తగా చూడాలా, అసలు చూడకూడదా?"

"మీరన్నది నిజమేనమ్మా," అని కాంపౌండరు ఎంతో వినయంగా డబ్బా మూత నొక్కి, బల్ల కిందకి జరిపాడు. ఏడాదిన్నర పాటు అది అక్కడే ఉంది.

అప్పుడు గట్టోడు తిండి మానేశాడు.

మొదటి రోజు కాంపౌండరు వంట మీద అనుమానపడ్డాడు. "పన్నెండేళ్ళుగా అదే వంట. మీరూ అదే తింటున్నారు, మీకేమైంది?" అంది భార్య. రెండో రోజు గట్టోడి కుడి కన్ను కింద వాపు కనిపించింది. కంట్లో నలుసు పడిందని తేల్చి చుక్కల మందు వేశాడు. మూడో రోజు సాయంత్రం ఆయన తలుపు తీసేసరికి గట్టోడు గోడవైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు. తోక ఒక్కసారి కదిలి ఊరుకుంది.

కాంపౌండరుకి భయం వేసింది. రోజూ ఆయన ఇంటికి వస్తే ఎగిరి గంతేసే ప్రాణి ఈ లోకంలో అదొక్కటే. భార్య ఏనాడూ గంతెయ్యలేదు. తల ఊపేది, అంతే.

"మీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అందామె.

"ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్ళను? ఊరందరికీ వీణ్ణే కదా చూపించాను."

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడిందని మీలాంటివాళ్ళని చూసే అన్నారు. ఇంతకీ మీకు వాడి ప్రాణం ముఖ్యమా, మీ మాట ముఖ్యమా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకి సిగ్గేస్తుంది.

చివరికి ఒక పథకం ఆలోచించాడు. పొద్దున్నే తను మామూలుగా వెళ్ళిపోతాడు. పదింటికి భార్య గట్టోణ్ణి దుప్పటిలో చుట్టి, ఎవరో ఏమిటో అన్నట్టు తీసుకురావాలి. ఆమె దీన్ని విని దుప్పటి తీయడానికి లోపలికి వెళ్ళింది.

మర్నాడు పదింటికి ముందుగదిలో ఒకావిడ చప్పిడి ముక్కున్న తన పగ్ జాతి కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పగ్ గురక పెడుతోంది. భార్య మూటతో లోపలికి వచ్చింది. కాంపౌండరు పెన్ను తీసి, గొంతు సవరించుకుని, "ఎవరమ్మా మీరు? పేరు?" అన్నాడు.

"నాదా, కుక్కదా?"

"కుక్కది."

"గట్టోడు."

"జాతి?"

"మా ఆయన జాతే. మొండి."

నిన్నటినుంచి లేవని గట్టోడు ఆ గొంతు వినగానే దుప్పటిలోంచి తల బయటపెట్టాడు. మెల్లగా ముందుకాళ్ళు బల్ల మీద వేసి, కార్డు రాస్తున్న చేతిని నాకడం మొదలుపెట్టాడు. పగ్ ఆవిడ ముందుకు వంగి చూసింది. "ఏమండీ, ఇది మీ ఫోన్‌లో ఉండే కుక్క కదూ? మందు మొహం ఎరగదన్నారు?"

కాంపౌండరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తల ఎత్తేసరికి లోపలిగది గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో అడిగే ధైర్యం లేదు.

ఆమె గట్టోడి పైపెదవి ఎత్తి చూసింది. "కన్ను బాగానే ఉంది. దవడ పన్ను విరిగింది. వేరు దగ్గర చీము పట్టి కంటి కిందకి చేరింది. నోరు వాసన వచ్చేదా?"

"వచ్చేదమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళుగా."

"మరి ఏమనుకున్నారు?"

"ఆరోగ్యమనుకున్నానమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "పన్ను తీయాలంటే మత్తివ్వాలి. పన్నెండేళ్ళ కుక్క. గుండె చప్పుడులో చిన్న తేడా ఉంది. ఇది పాతదా, కొత్తగా వచ్చిందా? పాత పరీక్షలేమైనా ఉంటే ఇవ్వండి, పోల్చి చూస్తాను."

కాంపౌండరు అలవాటుగా లేచి ఇనుప సొరుగు దాకా వెళ్ళాడు. పగ్‌కి అందులో ఏడేళ్ళ కాగితాలున్నాయి. ఎప్పుడు ఎంత బరువుందో, గుండె ఎలా కొట్టుకుందో అన్నీ ఆయన చేతిరాతే. గట్టోడికి కుక్కకాటు టీకా చీటీ తప్ప ఏమీ లేదు. ఒట్టి చేతులతో వెనక్కి వచ్చాడు.

రక్తపరీక్ష చేసి, ఫలితం చూశాక మధ్యాహ్నం మత్తిచ్చారు. మత్తిచ్చేటప్పుడు ఎవరి కుక్కనైనా సరే పట్టుకుని నిలబడేది కాంపౌండరే. ఆ రోజు మాత్రం డాక్టరమ్మ, "ఇవాళ మీరు కుక్కతో వచ్చినవాళ్ళు. బయట కూర్చోండి," అంది.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ముందుగది బెంచీ మీద కూర్చున్నాడు. దానికి ఒక కాలు పొట్టి. ఎదురుగా గోడ గడియారం ఆగిపోయి ఉంది. ఇవి రెండూ ఆయనకి ఇన్నాళ్ళూ తెలియవు. ఇక్కడ కూర్చున్న ఎంతమందికో "ఏం కాదండీ, ఊరికే కంగారు పడకండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి ఎవరూ రాలేదు. భార్య పక్కన కూర్చుని దుప్పటి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. గట్టోడు నాలుక వేలాడేసుకుని, విరిగినదానితో పాటు వదులైన రెండూ తీసేయగా మూడు పళ్ళు తక్కువగా, బతికి బయటపడ్డాడు. ఇంటికెళ్ళాక రాత్రి మెత్తగా చేసిన తిండి రెండు ముద్దలు తిన్నాడు. కాంపౌండరు వంటింటి గడప మీద కూర్చుని చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. భార్య చూసి, తల ఊపింది.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే ఆయన బల్ల కిందనుంచి డబ్బా తీశాడు. నూటనలభై మూడు కార్డులు. ఒక్కొక్కటీ తీసి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "మావాడి టీకాలా? అక్కర్లేదని మీరే కదండీ అన్నారు!" అని అందరిదీ ఒకటే పాట. ప్రతివాళ్ళకీ "నాది తప్పండి, తీసుకురండి" అని చెప్పుకున్నాడు. ఒకాయన మాత్రం, "మంచి సమయానికి చేశారు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటుందన్నారు కదా, మావాడు నిన్న గులకరాయి మింగాడు. అది ఎప్పటికి అరుగుతుందండీ?" అని అడిగాడు.

మధ్యాహ్నానికి టైలరు కార్డు చేతికొచ్చింది.

"గుండీనా బాబూ?" అన్నాడు పెద్దాయన. వెనక కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "పోయి మూడు నెలలైంది. రెండు రోజులు నీరసంగా ఉంది. అదే సర్దుకుంటుందిలే అనుకున్నాం. మూడో రోజు పొద్దున లేవలేదు."

కాంపౌండరు చేతిలోని పెన్నుకి మూత పెట్టాడు.

"మీరు చెప్పారు కదా, వీటికేం కాదని. ఆ ధైర్యంతోనే ఉన్నాం చివరిదాకా," అన్నాడు టైలరు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మేలు చేసినవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఎత్తిపొడిచినా బాగుండేదని కాంపౌండరుకి అనిపించింది. తీసుకొచ్చి ఉంటే గుండీ బతికేదో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. తీసుకురావద్దన్నది మాత్రం తనే.

"నేను తప్పు చెప్పాను టైలరు గారూ," అన్నాడు.

అటువైపు కుట్టుమిషన్ మళ్ళీ నాలుగు కుట్లు వేసి ఆగింది. తర్వాత పెద్దాయన, "దాని పిల్ల ఒకటుంది బాబూ. తీసుకురమ్మంటారా?" అన్నాడు.

సాయంత్రం వచ్చాడు. చంకలో తెల్లమచ్చల కుక్కపిల్ల, నోట్లో దారపు పోగు. డాక్టరమ్మ టీకా వేసి, బరువు చూసి, పళ్ళు చూసి పంపించింది. కాంపౌండరు కొత్త కార్డు తీసుకుని అన్నీ ఎర్ర సిరాతో రాశాడు.

గుమ్మం దాకా వెళ్ళిన టైలరు వెనక్కి తిరిగి, "మళ్ళీ జబ్బు చేస్తే రమ్మంటారు, అంతేగా బాబూ?" అని అడిగాడు.

"కాదండీ," అన్నాడు కాంపౌండరు. "మీరు మర్చిపోండి, ఫర్వాలేదు. నేను ఫోన్ చేస్తాను."