పంక్చరు తొట్టి నుంచి కాళీ నది దాకా

గార్లదిన్నె బస్టాండు పక్కన రసూల్ భాయ్ పంక్చరు షాపులో ఒక ఇనుప తొట్టి ఉంది. దాంట్లో రెండు బిందెల నీళ్ళు. ఈ ప్రయాణం ఆ తొట్టి దగ్గరే మొదలైంది.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. దేశంలోని నదులన్నింటినీ నల్లబల్ల మీద పారించే ఉద్యోగం. కంపముండ్ల పుణ్యమా అని వారానికొకసారి నా స్కూటరు ఆ షాపు ముందు ఆగుతుంది. రెండువేల నాలుగో ఐదో, ఏడాది సరిగ్గా గుర్తులేదు, మే నెల చివర్లో ఒకరోజు రసూల్ భాయ్ నా ట్యూబును తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ మాట కలిపాడు.

"ముప్పై ఏండ్లుగా ట్యూబులు అతికిస్తాండా సార్. బావుల్లో నీళ్ళున్నప్పుడు ఈతకని ఎంతమంది తీసకపోయినారో. నేను మాత్రం ఒక్కసారి కూడా తేలలేదు. పారే నీళ్ళల్లో ఒకసారి తేలల్ల. మోకాళ్ళు ఇంకా వంగుతాండాయి. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?"

ఆ మాట నన్ను వదల్లేదు. మరునాడు అట్లాసు పట్టుకుపోయి లారీ టైరు మీద పరిచాను. పెన్న మీద వేలు పెడితే ఆయన నవ్వాడు. "దాంట్లో ఇసుక లారీలు తేల్తాయి సార్, మనం కాదు." చిత్రావతిలో మేకలు మేస్తున్నాయట. తుంగభద్ర ఎండాకాలం చివరికి రాళ్ళు బయటపెట్టుకుని కూర్చుంటుంది. చివరికి పాత పేపర్లో చదివింది గుర్తొచ్చింది. దాండేలి దగ్గర కాళీ నదిలో, కరెంటు తయారీకి డ్యాం నుంచి నీళ్ళు వదిలినప్పుడల్లా రబ్బరు పడవల్లో రాళ్ళ మధ్య ఉరవడిలో జనాన్ని తీసుకెళతారని.

"అంటే మన కాలువకి వదిలినట్ల, టైముకి వదుల్తారా?" అన్నాడు రసూల్ భాయ్. కాలువ నీళ్ళ కోసం కాచుకునే ఊళ్ళవాళ్ళం. గడియారం చూసుకుని వచ్చే నది మాకు వెంటనే అర్థమైంది. కాళీయే ఖాయం చేశాం.

రెండ్రోజుల తర్వాత తెల్లవారుజామున అయిదున్నరకు బస్సెక్కాం. సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, నాలుగు సీసాల నీళ్ళు. నదికి పోతూ నీళ్ళు మోసుకుపోవడం మా ప్రాంతంవాళ్ళకే చెల్లింది. పామిడిలో ఎక్కిన ఒక అవ్వ మా పక్కన కూర్చుని, "యాడికి పోతాండారప్పా?" అని అడిగింది.

"నీళ్ళు చూసేకి అవ్వా" అన్నాడు రసూల్ భాయ్.

"నీళ్ళు చూసేకి బస్సెక్కల్లనా? ఏం కాలమొచ్చె" అని ఆమె కళ్ళు మూసుకుంది.

గుంతకల్లులో తొమ్మిది దాటాక రైలు దొరికింది. హోస్పేట దాటేసరికి ఎండ మెత్తబడినట్టు, హుబ్లీ దగ్గరపడేసరికి గాలికి రంగు మారినట్టు అనిపించింది. రసూల్ భాయ్ కిటికీ వదల్లేదు. హుబ్లీ నుంచి బస్సు. దాండేలి చేరేసరికి చీకటి పడింది. బస్టాండు ఎదుటి లాడ్జిలో గది, అన్నం చారు. పోదలచినవాళ్ళకు ఒక మాట: అడవి ఊరు గదా, మే నెలైనా దుప్పటి అడిగి తీసుకోండి.

పొద్దున ఎనిమిదికి జీపులో నది దగ్గరికి చేరాం. అది చిన్న క్యాంపు. పడవలు రెండే. మొదటిదాంట్లో బెంగుళూరు కుర్రకారు అప్పుడే సర్దుకుని కూర్చున్నారు. రెండోది మాది. పడవ నడిపే మంజణ్ణ దాని మీద చేత్తో తట్టి, పెదవి విరిచాడు.

"ఒక పక్క మెత్తబడింది. నిన్న రాయి గీరుకుంది. అతికించేవాడు ఎల్లుండి గానీ రాడు" అన్నాడు కన్నడంలో.

మా తిరుగు రైలు మరునాడే. చేతికందింది నోటికందకుండా పోతోందనుకున్నాను. రసూల్ భాయ్ మాత్రం వంగి పడవకు చెంప ఆనించాడు. "సన్నగా పోతాంది" అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ అడిగాడు, "తొట్టి యాడుందప్పా?"

మంజణ్ణ నదివైపు చెయ్యి చూపించాడు.

క్యాంపు కుర్రాడొకణ్ణి కూడా పిలిచి, నలుగురం కలిసి పడవను ఒడ్డున ఓరగా ముంచాం. రసూల్ భాయ్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట ఆవగింజలంత బుడగలు లేచాయి. అక్కడ గోటితో గీత పెట్టాడు. పడవను పైకి లాగి, తువ్వాలుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, క్యాంపువాళ్ళ బంకే పూసి అతుకు వేశాడు. దాని మీద అరచెయ్యి అదిమి కూర్చున్నాడు.

పదింటికి నీళ్ళు వచ్చాయి. ముందు దూరంగా హోరు, తర్వాత రాళ్ళు ఒక్కొక్కటే మునిగిపోవడం. మొదటి పడవ కేకలతో వెళ్ళిపోయింది. పన్నెండు దాటితే నీళ్ళు తగ్గుతాయని మంజణ్ణ ముందే చెప్పాడు.

"ఆలస్యం అమృతం విషం, రసూల్ భాయ్" అన్నాను పదకొండుకు.

"అతుకుకి కాదు సార్" అన్నాడు. చెయ్యి తియ్యలేదు.

పదకొండున్నరకు మళ్ళీ నీళ్ళలో ముంచి చూశాం. బుడగ లేదు. పడవలో గాలి గదులు వేర్వేరుగా ఉంటాయి, ఒకటి మెత్తబడినా మునగదు, కూర్చోండన్నాడు మంజణ్ణ. లైఫ్ జాకెట్లు, హెల్మెట్లు బిగించి, కాలివేళ్ళు ముందున్న అడ్డ ట్యూబు కింద దోపుకోమన్నాడు.

తర్వాత అరగంట నాకు వరసగా గుర్తులేదు. ఆకాశం, తెల్లటి నీళ్ళు, మంజణ్ణ వీపు, మళ్ళీ ఆకాశం. పడవ నిలువునా లేచి పడుతుంటే నేను కనపడని దేవుళ్ళందరినీ పిలిచాను. రసూల్ భాయ్ ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో అరచెయ్యి అతుకు మీద పెట్టి, దానినే చూస్తున్నాడు. ఆయన నది చూడలేదు.

ఉరవడి అయిపోయాక నది వెడల్పై, నిద్రపోతున్నట్టు నిదానించింది. రెండు ఒడ్లా వెదుళ్ళు వంగి ఉన్నాయి. జాకెట్లు ఉన్నాయి గనక ఇక్కడ దిగి తేలవచ్చన్నాడు మంజణ్ణ. రసూల్ భాయ్ కదల్లేదు. చెయ్యి తీస్తే అతుకు లేస్తుందని ఆయన భయం.

"నేను పట్టుకుంటా. నువ్వు పో" అన్నాను.

నా అరచేతిని తనే పట్టి అతుకు మీద సరిగ్గా పెట్టాడు. "గట్టిగా వద్దు సార్, ఊరికే ఆనించు చాలు." తర్వాత మెల్లగా నీళ్ళలోకి జారాడు. కాసేపు తాడు పట్టుకున్నాడు. తర్వాత తాడు వదిలేశాడు. వెల్లకిలా, చెవులు నీళ్ళలో, గడ్డం ఆకాశానికి. చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి. నీళ్ళు ఆయన్ను తీసుకుపోతూ ఉన్నాయి, పక్కనే మేమూ పోతూ ఉన్నాం. నాకు ఏడుపొచ్చింది.

పైకి లాగాక అడిగాడు. "ఎంతసేపున్నా సార్?"

"పది నిమిషాలు."

"అంతేనా? సాయంత్రం అయిందనుకున్నా."

మరునాడు వచ్చిన దారినే తిరిగొచ్చాం. ఏ నదికి పోవాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నీళ్ళున్న నదికి పొండి, పంక్చరు తెలిసినవాణ్ణి వెంట తీసుకుపొండి. నేను చెప్పగలిగింది అంతే.

గుంతకల్లులో ఎక్కిన బస్సు సాయంత్రం పామిడి దగ్గర పెన్న వంతెన ఎక్కింది. బస్సు గుంతలో పడి ఊగింది. పక్కన నిద్రపోతున్న రసూల్ భాయ్ కాలివేళ్ళు ముందు సీటు కిందికి దోపుకున్నాయి, అరచెయ్యి సీటు పక్కన ఆనుకుంది. నవ్వొచ్చి ఆయన్ను లేపబోయాను. చూసుకుంటే నా వేళ్ళూ ముందు సీటు కిందే ఉన్నాయి. కింద పెన్న, ఒడ్డు నుంచి ఒడ్డుదాకా ఇసుక. వంతెన దాటేవరకు నేను కాళ్ళు తీయలేదు.